పర్దా వెనక మరిది

ఆపా పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను రొట్టెలకు జొన్నపిండి కలుపుతున్నాను. ఫోన్ పెట్టేసి, పిండి చేతులతోనే గోడకు ఒరిగి ఏడ్చాను. అమ్మ కాసేపు చూసింది. చూసి అడిగిన మొదటి మాట: "ఎవడే వాడు?"

పోయింది ఎవరు అని అడగలేదు. ఎవడు అని అడిగింది.

"ఎవడూ కాదమ్మా. వనపర్తిల నెట్ సెంటర్ ఆపా. పచ్చకామెర్లు ముదిరినయంట. కర్నూలు దవాఖానకు తీస్కపోతుంటే తోవలనే..."

"జిరాక్స్ తీసే ఆమె కోసం ఇట్ల ఏడుస్తరా ఎవరన్న?"

నాయిన టీవీ సప్పుడు తగ్గించి నా దిక్కు చూశాడు. ఆ చూపులో కూడా అదే ప్రశ్న.

మా ఇంట్లో నన్ను అర్థం చేసుకునే తీరు ఇదే. డిగ్రీ చదివినన్నాళ్లూ పాన్‌గల్ నుంచి వనపర్తికి బస్సులో పోయి వచ్చాను. ఆలస్యమైతే ఎవడో ఉన్నాడు. ఒక్కదాన్నే నవ్వుకుంటే ఎవడో ఉన్నాడు. నవ్వకపోతే వాడు మోసం చేసిండు. నేను చాలాసార్లు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. అబ్బాయి కోసం కాదు, యుద్ధం కోసం.

బస్టాండు వెనక సందులో ఉంటుంది ఆ నెట్ సెంటర్. ముందర జిరాక్స్ మిషన్, దాని పక్కన గల్లా, గల్లా దగ్గర ఆపా వాళ్ల అత్తమ్మ. పిల్లలందరూ ఆమెను దాదీ అనేవాళ్లు. గోడ పొడుగునా కంప్యూటర్లు. వెనక మూలకు మాత్రం పూలపూల పర్దా, దాని వెనక రెండు కంప్యూటర్లు. అది ఆడపిల్లల జాగ. ఆపా భర్త సౌదీలో పనిచేస్తాడు. సెంటర్ నడిపేది ఆపానే. ఆపా అంటే అక్క, అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్లం.

పరీక్షల రిజల్ట్స్ వచ్చిన రోజు ఆ పర్దా విలువ తెలిసేది. పేజీ తెరుచుకునేటప్పుడు ఆపా పక్కకు తిరిగి, నోట్లో సోంపు వేసుకుని, మిషన్‌లో కాగితాలు సర్దుతున్నట్టు నటించేది. ఫెయిలైన పిల్ల ఏడ్చుకుని, మొహం కడుక్కుని, బయటికి నడవగలిగేదాకా ఆ కుర్చీ ఆ పిల్లదే. "టైం అయింది" అనే మాట అప్పుడు ఆమె నోట వినలేదు.

నేను కూడా మొదట రిజల్ట్ చూసుకోవడానికే పోయాను. పక్క కంప్యూటర్ మీద ఆపా దుపట్టా చెవుల వెనక్కి దోపుకుని, "అరె కమ్‌బఖ్త్, దొరికినవ్!" అంటూ ఎవరినో తరుముతోంది. నా రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను. కానీ కళ్లు ఆ తెర మీది నుంచి రాలేదు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. చెరొక కోట. మధ్యలో అడవి, అడ్డంగా ఒక ఏరు. మన మనుషులు నిలబడ్డ చుట్టుపక్కల తప్ప అంతా చీకటి. కొందరు మాయమయ్యే రకం, పక్కనే ఉన్నా కనబడరు, కత్తి దిగినాకనే తెలుస్తుంది. దానికి విరుగుడు వార్డు. నేలలో పాతే కన్ను అనుకోండి. మామూలు వార్డు అడవిని చూపిస్తుంది గానీ మాయమైనవాణ్ణి చూపించదు. వాణ్ణి పట్టిచ్చే వార్డు వేరే ఉంటుంది. ఆ రెండూ కొంటూ పోతే సొంతానికి కత్తి కొనుక్కోవడానికి, తొందరగా నడిచే చెప్పులు కొనుక్కోవడానికి ఆటలోని బంగారం మిగలదు. అందుకే ఎవరూ కొనరు. ఆపా కొనేది.

పర్దా బయట, ఆపా జట్టులో ఆడేవాళ్లు ముగ్గురు పాలిటెక్నిక్ పిల్లలు. ఆపాకు వాళ్లు పెట్టిన పేరు వార్డు మెంబర్.

"ఏం వార్డు మెంబర్, మా గల్లీకి లైటు ఎప్పుడేయిస్తవ్?"

"మొన్న ఓటెయ్యలే గద రా. చీకట్లనే ఉండు."

అందరి మనుషులూ ఆటలో పరిగెత్తుతుంటే ఆపా మనిషి ఒక్కడు ఉత్త కాళ్లతో, మెల్లగా, అడవి అంచున నడుస్తూ ఉండేవాడు. నాకు మొదట అదే నవ్వొచ్చింది.

ఒకరోజు ఐదో మనిషి రాలేదు. ఆపా నా కుర్చీ తెర దిక్కు తిప్పింది. "మౌస్ పట్టు. కొట్టుడు నీ పని, చూసుడు నా పని."

"ఎవరు ఆపా లోపల?" బయటి నుంచి.

నేను మౌస్ వదిలేశాను. మా ఊరి కండక్టర్ సోడా తాగేది ఆ సందులోనే. నేను మగపిల్లలతో ఆటాడుతున్నానన్న మాట నా కంటే ముందు బస్సులో పాన్‌గల్ చేరుతుంది. ఆపా నా మొహం చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా మరిది రా. అచ్చంపేట నుంచి వచ్చిండు. జర సిగ్గెక్కువ, పలకరియ్యకుండ్రి."

ఆ రోజు నుంచి నేను మరిదిని. "మరిదీ, ఎనక చూస్కో!" "సూపర్ మరిదీ!" ఒకసారి పర్దా కింది నుంచి గోలీసోడా కూడా వచ్చింది, "మరిదికి ఇయ్యి ఆపా" అని. తాగాను. ఆట అయినాక దుపట్టా మొహానికి చుట్టుకుని బయటికొస్తుంటే, అప్పటిదాకా "కొట్టు, కొట్టు" అని నా మీద గొంతు చించుకున్నవాడే లేచి, "జరుగుండ్రి రా, ఆడపిల్ల పోతది" అని తోవ ఇచ్చేవాడు.

గద్వాల నుంచి ఒక జట్టు మా వాళ్లతో ఆడటానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వాళ్లలో ఒకడు మాయమయ్యే మనిషిని పెట్టుకుని నన్ను చంపిందే చంపడం. మా వాళ్లు అరుస్తున్నారు. నేను భయపడి ఒక వార్డు కొని మా కోట గుమ్మం ముందే పాతాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది.

"ఇంటి ముందట పెట్టుకుంటే ఏమొస్తది?" అన్నది ఆపా, కోపం లేకుండా. "వాడొచ్చి మీద పడ్డంక కనబడ్తడు. వాడు ఏరు దాటేది ఎక్కడో చూడు. కన్ను ఆడ పెట్టాలె."

ఉత్త కాళ్ల మనిషి అడవి దాటి ఏటి ఒడ్డుకు పోయాడు. రెండు వార్డులూ పాతాడు. తిరిగి వచ్చేటందుకు చెప్పులు లేవు కదా, గద్వాల వాళ్లు చుట్టుముట్టి చంపేశారు. ఆపా మౌస్ వదిలేసి చాయ్ గ్లాసు అందుకుంది.

"నేను పోయిన. కన్ను ఉంది. చూస్కో."

చూశాను. కాసేపటికి వాడు ఏరు దాటుతున్నాడు, ఎవరికీ కనబడట్లేదన్న ధీమాతో, అంగట్లో నడిచినట్టు. మేము నలుగురం ఒడ్డున కాచుకుని ఉన్నాం. ఆ ఆట గెలిచాం.

గద్వాల అబ్బాయి లేచి పర్దా దాకా వచ్చాడు. "నేనెట్ల కనబడ్డనో సమజ్ కాలే. మరిదిని ఒక్కసారి పిలువు ఆపా, చెయ్యి కలుపుత."

నా చేతికి గాజులున్నాయి.

"మరిది పోయిండు రా, బస్సుకు టైమైందని."

సెంటర్‌కు ఒక్కటే తలుపు. అది వాళ్ల కళ్ల ముందే ఉంది. అయినా నమ్మారు. ఆ రోజు నేను దుపట్టా నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆపా మాత్రం అంతగా నవ్వలేదు. "ఆ పోరడు నిజంగ మెచ్చుకుంటుండు. ఆ మెప్పు నీకు ముట్టలే గద," అన్నది. నేను విననట్టే దుపట్టా మొహానికి చుట్టుకున్నాను.

ఆపా పోయిందని తెలిసిన ఆ పొద్దునే, బీఈడీ అప్లికేషన్ ఇచ్చొస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి వనపర్తి పోయాను. నేను ఆపా ఇంటికి చేరేసరికి మట్టి చేసి మగవాళ్లు తిరిగి వస్తున్నారు. నేను ఆడవాళ్లతో అరుగు మీద కూర్చున్నాను. ఆ ముగ్గురు పిల్లలు తలలకు రుమాళ్లు కట్టుకుని వాకిట్లోకి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్లలో పెద్దవాడు దాదీ ముందర గొంతుక్కూర్చున్నాడు.

"దాదీ, మరిది ఏడి? ఖబ్రస్తాన్‌ల కనబడలే. అన్న సౌదీల ఉన్నడు, రాలేడు. తమ్ముడన్న రావాలె గద."

"ఏ తమ్ముడు బేటా? నాకు ఒక్కడే కొడుకు."

"అదే దాదీ, అచ్చంపేట నుంచి వస్తుండె... పర్దా ఎనక కూసుంటుండె..."

ఇన్నేళ్లూ గల్లా దగ్గర కూర్చుని, పర్దా వెనకకు ఎవరు పోయారో ఎవరు వచ్చారో చూసిన దాదీ మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. నా కోసం ఆగింది.

పక్కనున్న ముసలామె అడిగింది. "నువ్వెవరు బిడ్డా?"

"జిరాక్స్ కోసం వస్తుంటి," అన్నాను.

ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు. మా నాయిన లేడు, కండక్టర్ లేడు. నేలకేసి చూస్తూ దుపట్టా ఇంకాస్త ముందుకు లాక్కున్నాను.

పెద్దవాడు లేచి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "వదినె లెక్క కాదు, అమ్మ లెక్క చూస్కున్నది వాణ్ణి. మట్టికి గూడ రానోడు ఏం మనిషి రా వాడు? థూ."

అంత దగ్గరగా నిలబడి నన్ను తిట్టాడు, నేను కనబడలేదు. ఆ తిట్టు సరిగ్గా చేరాల్సిన చోటికే చేరింది.

వచ్చేముందు దాదీ వాకిలి దాకా వచ్చింది. "పరీక్షలు అయినంక గద్వాల పోరగాండ్లు వస్తరంట. సెంటర్ తెరువాల్నా వద్దా, నువ్వే చెప్పు బేటీ." అందరిలోకి నన్నే అడిగింది. బస్సుకు టైమైందన్నాను. ఆపా నా కోసం చెప్పిన అబద్ధమే ఆపా గుమ్మంలో నిలబడి చెప్పాను.

ఇంటికొస్తే అమ్మ, "అప్లికేషన్ ఇచ్చినవా?" అన్నది. ఇచ్చినన్నాను. కంచంలో పెట్టిన రొట్టె అలాగే వదిలేసి లేచాను.

నేను రాసిన ఈ ముచ్చట పత్రికలో అచ్చయితే నాయిన చదువుతాడు. ఆయన ఏ కాగితాన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవకుండా వదలడు. చదివి అమ్మకు వినిపిస్తాడు. వినిపించనీ. అమ్మా, ఎవడే వాడు అని అడిగినవు గద. వాడు నేనే. అచ్చంపేట మరిదిని నేనే.

దాదీకి ఫోన్ చేసి సెంటర్ తెరువుమని చెప్పిన. పర్దా ఆడపిల్లల రిజల్ట్స్‌కు ఉండనీ అన్న. గద్వాల వాళ్లు వచ్చిన రోజు నేను బయటి వరుసల, ఆ ముగ్గురి పక్కన కూసుంట. కొట్టేటందుకు వేరేవాళ్లను చూస్కోమని చెప్త. వార్డులు నేను పెడ్త. నా మనిషి ఉత్త కాళ్లతోనే నడుస్తడు, ఏటి ఒడ్డు దాకా.