అత్త చేతి మీది పేరు

మొన్న ఆదివారం విశాఖపట్నం బస్సు దిగి వచ్చిన మా మనవరాలి ముంజేతికి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంటే, పిల్ల స్కూటీ మీంచి పడిందేమోనని పసుపు డబ్బా కోసం వంటింట్లోకి పరుగెత్తాను. పరుగంటే ఈ మోకాళ్ళకు చేతనైన పరుగు లెండి. తీరా చూస్తే అది పచ్చబొట్టు. ఇంకా మాటల్లోనే ఉన్న సంబంధం, అప్పుడే ఆ అబ్బాయి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కేసింది. రేపేదైనా తేడా వస్తేనో అన్నాను. "లేజర్‌తో తీసేస్తారు అమ్మమ్మా, ఏటవ్వదు" అని నవ్వి ఫోన్ అందుకుంది. పేరు తీసేయడం అన్న మాట చెవిన పడగానే నాకు మా మేనత్త గుర్తుకొచ్చి, కాసేపు అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

మన చిన్నప్పుడు పచ్చబొట్టు సోకు కాదని మీకూ తెలుసు. పోయినప్పుడు ఒంటి మీది బంగారమంతా ఒలిచేస్తారు, పచ్చబొట్టొక్కటే వెంట వస్తుందని మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, గట్టిగా నమ్మేది. వడ్డాది సంతకు సూదుల కట్టతో ఒకావిడ వచ్చేది. దీపం మసిలో ఆకుపసరు కలిపి, అడిగిన బొమ్మ పొడిచి, పైన పసుపు అద్దేది. నన్నూ కూర్చోబెట్టారు గానీ, తేలు బొమ్మ సగంలో ఉండగా కేకలు పెట్టి లేచిపోయాను. అందుకే నా చేతి మీది తేలుకు ఇప్పటికీ కొండి లేదు. ఇన్నేళ్ళు పంతులమ్మగా చేసినా బడిలో ఒక్క పిల్లవాడూ నాకు భయపడకపోవడానికి కారణం అదేనని మా ఆయన అనేవారు.

అత్తను మాత్రం లేవనివ్వలేదు. అప్పుడామె కొత్తగా ఓణీ వేసిన పిల్ల. ఆమెను తన తమ్ముడి కొడుక్కే ఇవ్వాలని మామ్మ పంతం. ఆ తమ్ముడేమో ఔననడు, కాదనడు, చెరకు నరుకుడు కానీ, బెల్లం అమ్ముడు కానీ అంటూ సంవత్సరాలు దాటించేవాడు. మొగుడి పేరు పొడిపించుకోవడం మా వైపు పెళ్ళయ్యాక జరిగే ముచ్చట. దాన్ని ముందే కానిచ్చేస్తే తమ్ముడు ఇక తప్పించుకోలేడని మామ్మకు తోచింది. మేనల్లుడి పేరు కూతురి ముంజేతి మీద పొడిపించి, ఆ చెయ్యి చూపించడానికి తమ్ముడింటికి తీసుకువెళ్ళింది. ఆయన చూశాడు, భోజనం పెట్టించాడు, ఆ వేసవిలోనే అనకాపల్లి అవతల ఎక్కువ భూమి ఉన్న ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకున్నాడు. మామ్మ వెళ్ళి ఏడిస్తే, "ఆ పేరుగలోలు ఊరికి పదిమందున్నారప్పా, ఒకడికిచ్చీ" అన్నాడట. అంత చేసి మామ్మ పొడిచిందేమీ లేదు, అత్త చేతిని తప్ప.

ఆ తర్వాత ఎండాకాలంలో కూడా అత్త మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకునేది. చూడడానికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తున్నప్పుడు ఆ జాకెట్టు చెయ్యి కాస్త పైకి జరిగేది, సంబంధం కాస్త వెనక్కి జరిగేది. చివరికి రావికమతం వైపు నుంచి, భార్య పోయిన రైతు ఒకాయన ఒప్పుకున్నాడు గానీ, ఆ పేరు కనబడకూడదన్నాడు.

జీడిపిక్కల తొక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుందని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అదే రాశారు. నన్ను పెరట్లోకి పొమ్మన్నారు గానీ, దడి అవతల నుంచి అంతా వినబడుతూనే ఉంది. "కదలకే, నీ బతుకు కోసమే" అని మామ్మ అంటూనే ఉంది, తనూ ఏడుస్తూ. పుండు చీము పట్టి, అత్త ఆ వానాకాలమంతా జ్వరంతో మంచం మీదే ఉంది. పేరు పోయింది. దానితోపాటు రెండు వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. ఆ చేత్తోనే తాళి కట్టించుకుని కాపురానికి వెళ్ళింది. ఆ మామయ్య తాగి వచ్చిన రోజున ఆమె చెయ్యి లాగి, దీపానికి దగ్గరగా పెట్టి వెతికేవాడట. చదువు రాని మనిషి, లేని అక్షరాలు చదివేవాడు.

అత్త మంచాన పడ్డాక చూడడానికి రావికమతం వెళ్ళాను. అప్పటికి మామయ్యా లేడు, చేతి మీది పేరుగల ఆ బావా లేడు. ఆమె బొటనవేలితో ఆ మచ్చను రాస్తూనే ఉంది. ఎవరి కోసమో తెలిసిందనుకుని, మీ బావ గుర్తొస్తున్నాడా అత్తా అని మెల్లగా అడిగాను.

"ఆడి మొకమే గురుతు లేదే గుంటా," అంది. "మాయమ్మ సెయ్యే గురుతు. పొడిసినప్పుడూ అదే పట్టుకుంది, కాల్సినప్పుడూ అదే పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందనుకున్నావ్."

పక్కన కూర్చుని, ఆ ముడుచుకున్న వేళ్ళను పట్టుకోబోయి, మానేశాను.

ఇప్పుడు సంతకు సూదుల ఆవిడ రావడం లేదు. చోడవరంలోనే అద్దాల తలుపుల గది వెలిసింది, లోపల చల్లగా ఉంటుందట. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్ళి కుర్చీలో కూర్చుంటారు. పక్కన తల్లి ఉండదు, చెయ్యి పట్టుకునేవారు ఎవరూ ఉండరు, వద్దనిపిస్తే లేచి వచ్చేయవచ్చు. అయ్యో మా పిల్ల ఒక్కతే వెళ్ళిందే అని ఒకవైపు ప్రాణం కొట్టుకుంటుంది గానీ, మరోవైపు ఊపిరి తేలికగా ఆడుతుంది. మన కాలంలో మనల్ని ప్రేమించినవాళ్ళే చెయ్యి పట్టుకునేవారు, వదలడం వాళ్ళకు తెలిసేది కాదు.