నాన్న చెరువు శాంపిల్

మా నాన్న ఒడిశా నుంచి వచ్చి హనుమాన్ జంక్షన్ అవతల రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరేనాటికి నాకు తెలుగులో తిట్లు కూడా రావు. ఆ తర్వాత మొదట వచ్చినవి అవే. బెజవాడలో బీఎస్సీ చదివాను. చదివానంటే, సీనియర్ల రికార్డులు దించాను. ల్యాబుకి ఎప్పుడూ తాళమే. ప్రాక్టికల్స్‌లో రీడింగ్ ఎంత రావాలో ముందే చెప్పేవాళ్లు, అందరికీ అంతే వచ్చేది. పుస్తకం హస్తభూషణం అన్నవాళ్లు మమ్మల్ని చూసే అని ఉంటారు.

గుణదలలో రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబొకటి నన్ను శిక్షణకి తీసుకుంది. అక్కడి మేడం నా చేతికి పిపెట్ ఇచ్చి వారమంతా ఉత్త నీళ్లే కొలిపించారు. ఒళ్లు మండింది.

"డిగ్రీ చదివింది నీళ్లు పొయ్యడానికా అండీ?" అన్నాను.

"ముందు చెయ్యి కుదరనీ అమ్మా. ఆ తర్వాత కనపడిందే రాయాలి, రావాల్సింది కాదు" అన్నారావిడ.

చెయ్యి కుదిరింది. ఉద్యోగమూ ఇచ్చారు. నాన్న నా తెల్లకోటు తడిమి చూసి, ఇన్ని జేబులెందుకే అని నవ్వాడు.

కొన్నాళ్లకి ఆయన కాపలా కాసే చెరువు రొయ్యలే నా బల్ల మీదకొచ్చాయి. తెల్లమచ్చ తెగులుంటే చెరువు ఖాళీ చేసేస్తారు. అప్పుడు కాపలా ఉండదు, గట్టు మీద మావాళ్ల పాకా ఉండదు. పరీక్ష చేశాను. తెగులుంది. నా చెయ్యే తప్పిందేమో, తప్పితే బాగుండునని మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. సంతకం పెట్టి, చేతులు కడుక్కుని, క్యారేజీలో పప్పన్నం తిన్నాను. రుచి తెలియలేదు.

వారం తిరక్కుండానే రొయ్యలు పట్టేశారు. చుట్టుపక్కల చెరువుల్లోనూ తెగులే, ఇంకెక్కడా పని దొరకలేదు. ఒడిశా వెళ్లిపోదామని అమ్మానాన్నా మూటలతో స్టేషన్‌కొచ్చారు. నాన్న ప్లాట్‌ఫారమ్ పొడుగునా ల్యాబువాళ్లని తిడుతూనే ఉన్నాడు. ఆ శాంపిల్ మా ల్యాబుకే వచ్చిందని ఆయనకి తెలియదు.

"దొంగ వెధవలు! బంగారంలాంటి రొయ్య. చూడకుండానే రాసేసుంటారు."

"ఊరుకోవయ్యా, అందరూ చూస్తున్నారు" అంది అమ్మ.

"చూసే రాశాను నాన్నా. ఆ పరీక్ష చేసింది నేనే" అన్నాను.

ఆయన మూట కింద పెట్టాడు. నా చేతులకేసి చూశాడు. రైలొచ్చింది. వాళ్లెక్కారు, నేను మూటలు అందించాను. బండి కదులుతుంటే కిటికీలోంచి అన్నాడు:

"నువ్వు చేశావంటే తెగులు ఉన్నట్టేలే."