పదకొండు రకాల పిన్నులు

ఆ కాలంలో బి.ఏ. పాసైన ఆడపిల్ల కంటికి లోకమంతా చిందరవందరగానే కనిపించేది. నాకు మరీనూ. 1973 జూన్ నాలుగు, సోమవారం నాడు ఆటోనగర్‌లో లారీ విడిభాగాలమ్మే షాపులో గుమాస్తాగా చేరాను. అప్పటికి నా వయసు ఇరవై ఏళ్ళ మూడు నెలలు. మొదటి రోజే ఒక మెకానిక్కు వచ్చి "పిన్నివ్వండమ్మా" అన్నాడు. బల్ల మీది గుండుసూదుల డబ్బాలోంచి ఒకటి తీసి మర్యాదగా అందించాను. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "దీంతో ఎనిమిది టన్నుల బండి ఆగుద్దంటారా?" అన్నాడు. మర్నాటి నుంచీ ఆటోనగర్‌లో సగం మందికి నేను పిన్నుగారిని.

రోషం వచ్చి ఇంటికెళ్ళి, కాలేజీలో బహుమతిగా ఇచ్చిన నిఘంటువు తీశాను. గుండుసూది, మేకు, వీణకు బిరడాలాంటిది, బంతి విసిరి పడగొట్టే కొయ్య, చిన్న పీపా, వాడుకలో మనిషి కాలు కూడా పిన్నేనట. మాట పుట్టుక లాటిన్‌లో ఈకకూ మొనకూ ఉన్న పేరని ఊహ. (మన నోళ్ళు దాన్నే పిన్నీసు చేసుకున్నాయి. పోస్టాఫీసువాళ్ళు అప్పుడే కొత్తగా ఉత్తరాల మీద రాయమంటున్న పిన్ కోడ్ సంగతి నా నిఘంటువుకు తెలియదు. మార్జిన్‌లో నేనే రాసుకున్నాను.) మొత్తం పద్నాలుగు అర్థాలు. కాని మా షాపులో ఉన్న పదకొండు రకాల పిన్నుల్లో మూడే అందులో దొరికాయి.

మిగతావి చెప్పింది స్టోరు బాబాయి. నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పడవ పోగొట్టుకుని బెజవాడ వచ్చిన మనిషి. మా ఓనరుగారి దగ్గర పందొమ్మిదేళ్ళుగా సామాన్ల గది ఆయనదే. ఎవరైనా మసిగుడ్డలో విరిగిన ముక్క తెస్తే, చేతిలో ఒకసారి దొర్లించి, చూడకుండానే లోపలికి వెళ్ళి కొత్తది తెచ్చేవాడు. "ఇది కింగ్ పిన్నమ్మా, ముందు చక్రం పక్కకి తిరగటానికి. ఇది షాకిల్ పిన్ను, కమాను కట్టలు ఊగటానికి. ఇది స్ప్లిట్ పిన్ను, నట్టు ఊడిపోకుండా. పిన్నంటే ఏముందమ్మా, రెంటిని కలిపి పట్టుకునేది" అనేవాడు. నేను రాసుకునేదాన్ని, నిఘంటువు కంటే వివరంగా.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన తల్లి పోయిందని కబురొచ్చింది. కర్మలకు పన్నెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాడు. ఆ పన్నెండు రోజుల్లోనే నేను ఘనకార్యం చేశాను. సామాన్ల గదిలో తొమ్మిది బీరువాలు. వాటిలో ఒక వరసంటూ నాకు కనపడలేదు. కింగ్ పిన్నులు గుమ్మం దగ్గర, షాకిల్ పిన్నులు రెండు చోట్ల, ఇంకో రకం ఎక్కడో నడిమధ్యన. ఒకే మాటను ముక్కలు చేసి గదంతా చల్లినట్టుంది. అన్నీ దించి, తుడిచి, లెక్కపెట్టి, ఇంగ్లీషు అక్షరక్రమంలో సర్దాను. పిన్నులన్నీ ఆరో బీరువాలో ఒక్కచోట. ఒక్కో అరకూ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ గుండ్రటి అక్షరాలతో చీటీ. ప్రతి అరలోనూ జిడ్డోడే వల దారం ముక్కలు వేలాడుతుంటే, అవన్నీ పీకి, చెత్తతో కలిపి తగలబెట్టించాను. (నూట నలభై మూడు. చెత్తను కూడా లెక్కపెట్టడం నా అలవాటు.)

ఫిబ్రవరి పద్దెనిమిది, సోమవారం, బాబాయి గుండుతో తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుంటుండగానే బందరు నుంచి ఐసులో చేపలేసుకొస్తున్న లారీ డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, కింగ్ పిన్నులు! బేగి! ఐసు కారిపోతంది!" బాబాయి గుమ్మం పక్క అరలో చెయ్యి పెట్టాడు. బల్బు వచ్చింది. పక్క అరలో పెట్టాడు. బేరింగు వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని గది నడుమ నిలబడిపోయాడు, తన ఇంట్లో ఎవరో గోడలు మార్చేసినట్టు.

"చీటీలు రాశాను బాబాయ్, రెండు భాషల్లో" అన్నాను గొప్పగా.

ఆయన ఒక చీటీ మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. "కళ్ళజోడు మర్చిపోయానమ్మా" అన్నాడు.

ఆయనకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు. అది నాకు అప్పుడే తట్టాల్సింది. ఈలోగా డ్రైవరు కేకలకు ఓనరుగారు లోపలికొచ్చారు. "ఏంటయ్యా ఆలస్యం?" అన్నారు. బాబాయి నా వంక చూశాడు. 'ఆ పిల్ల మార్చేసిందండీ' అంటే సరిపోయేది. అనలేదు. నేనే అన్నాను: "ఎదురుగానే రాసుందండీ. చదువుకోవచ్చుగా."

ఓనరుగారు బాబాయిని కొత్తగా చూశారు. "ఏదీ, చదువు. పైకి చదువు."

లారీ కింద ఐసు నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. బాబాయి తలొంచుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ సరుకు లెక్క ఎట్టా చెప్పావు?"

"దారానికి ముళ్ళేసుకునేవాణ్ణండీ. ఒకటి పోతే ఒక ముడి ఇప్పేవాణ్ణి" అని, అరల వైపు చూసి, అవి లేవని గమనించాడు. పిన్నులు డ్రైవరు చేతిలో పెట్టి, నా లెక్కల పుస్తకం తీసి గబగబా అన్నాను, దారాలు నేనే పారేశానండీ, కావాలంటే బాబాయిని అడగండి అని. అడిగారు. "కింగ్ పిన్నులు పద్నాలుగు జతలు. షాకిలు ముప్పై ఆరు. స్ప్లిట్టు నాలుగొందల ఇరవై..." పదకొండు రకాలూ చెప్పాడు. ఆ పన్నెండు రోజుల్లో అమ్మినవి కలుపుకుంటే పది నా పుస్తకంతో సరిపోయాయి. పదకొండోది, స్ప్లిట్ పిన్నులు, నా పుస్తకంలో నాలుగు వందలే. మళ్ళీ లెక్కపెట్టాం. నాలుగు వందల ఇరవై.

దాంతో ఆయన నెగ్గాడనుకున్నాను. ఓనరుగారు మాత్రం, "లక్షల సరుకు ముళ్ళ మీద నడిపానా! ఎవరన్నా వింటే నవ్వుతారు" అన్నారు. సాయంత్రానికి బాబాయికి గేటు డ్యూటీ, నాకు స్టోరు తాళాలు. నేను ఏడ్చి బతిమాలాను. "నువ్వు ఊరుకో అమ్మాయ్, అది ఆయన మంచికే" అన్నారు ఓనరుగారు.

తాళాలు వచ్చాక తెలిసింది, అక్షరక్రమంలో లారీ బాగుపడదని. ముందు చక్రం విప్పినవాడికి కింగ్ పిన్నూ, దాని బుష్షూ, బేరింగూ ఒక్కసారే కావాలి. నేను మూడు బీరువాల మధ్య పరిగెత్తేదాన్ని. తెలియని ముక్క వస్తే గేటు దగ్గరకు పట్టుకెళ్ళేదాన్ని. బాబాయి స్టూలు మీంచి లేచి నిలబడి మరీ చెప్పేవాడు. (అది నాకు తిట్టుకంటే ఎక్కువ.) ఒకరోజు నేలమీద చీపురుపుల్లతో లారీ గీశాడు: "గుమ్మం దగ్గర ముందు యాక్సిలు. నడుమ ఇంజను. ఎనక గోడకి ఎనక చక్రాలు. గదంటే ఏంటనుకున్నావమ్మా, బండే. పడుకోబెట్టిన బండి." నాలుగు ఆదివారాలు కూర్చుని తొమ్మిది బీరువాలూ మళ్ళీ ఆయన బండిలాగే సర్దాను. చీటీలన్నీ చింపేశాను.

ఆ వేసవిలో గుంటూరు నుంచి ఇంకో షాపు యజమాని వచ్చాడు. ఓనరుగారు ఆయన్ను గదంతా తిప్పి చూపించారు. అడిగింది అడిగినట్టు క్షణంలో చేతికొస్తోంది. బయటికొస్తూ, గేటు తీస్తున్న బాబాయి పక్కనే ఆగి, "చూశారాండీ, చదువుకున్నవాళ్ళ చేతిలో పడితే స్టోరు ఎట్టా ఉంటదో! అంతా ఈ అమ్మాయి బుర్రే" అన్నారు.

నేను "థాంక్సండీ" అన్నాను.

కారు వెళ్ళాక బాబాయి గేటు మూసి, గొళ్ళెం వేసి, "పోనీలేమ్మా. సామాన్లు దొరుకుతున్నాయిగా" అన్నాడు, నవ్వుతూ.

యాభై ఏళ్ళు దాటింది. ఆ థాంక్సండీ అన్న పిల్ల ఇప్పుడెక్కడైనా ఎదురైతే ఒక మొట్టికాయ వేద్దామనే అనుకుంటాను. కాని నూనె మరకల లంగావోణీలో, చెవి వెనక పెన్సిలుతో, అంత నిటారుగా నిలబడి ఉన్న దాన్ని తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోతుంది.