పది తర్వాత పన్నెండు

మావయ్య పోయాడని ఒక మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. నా నవలలో బడి ఎగ్గొట్టి ప్లాట్‌ఫారం మీద టీ అమ్మినవాణ్ణి, టికెట్ లేకుండా కలకత్తా వెళ్లొచ్చినవాణ్ణి, సినిమా హాలు గోడ దూకి తన్నులు తిన్నవాణ్ణి చూసి నవ్వుకున్న పాఠకులకు ఒక మాట చెప్పాలి. వాడు మా మావయ్యే. ఆ నవల ఆయన నాకు పెట్టిన భిక్ష.

ఆయనకు తెలుగు చదవడం రాదు. ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో చాలామంది అంతే, ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. అందుకని ఆదివారాలు వాళ్లింటికి వెళ్లి నేనే చదివి వినిపించేవాణ్ణి. పక్కన కూర్చుని పేజీలోకి తొంగిచూస్తూ పడీపడీ నవ్వేవాడు. తప్పులు మాత్రం వదిలేవాడు కాదు.

"సుభాష్‌పల్లి కాదల్లుడూ, ఆ హాలు పూరీ గేట్ కాడ. తన్నులు తిన్నోణ్ణి, నాకు తెల్దేటి?"

పదకొండో అధ్యాయం దగ్గర ఆగాను. అందులో కదిలే గూడ్సు మీంచి ఇద్దరు స్నేహితులు దూకుతారు. ఒకడు జారి చక్రాల కింద పడతాడు. రెండోవాడు వెనక్కి చూడకుండా పారిపోతాడు. అది మావయ్య చెప్పింది కాదు, ఆయన గురించి చుట్టాలు చెవులు కొరుక్కోగా విన్నది. ఆయన్ని అడగలేక, విన్నది విన్నట్టు రాసేశాను. ఎదురుగా చదవలేక, పేజీలు తిప్పేసి పన్నెండు మొదలుపెట్టాను. మావయ్య నన్నోసారి చూసి, "ఠీక్ హై, సదువు" అన్నాడు. ఆ రోజు ఇంక నవ్వలేదు.

తెలుగు అక్షరాలు రానివాడికేం తెలుస్తుందిలే అనుకున్నాను. వర్క్‌షాపులో జీవితమంతా అంకెలు చూసి పనిచేసిన మనిషి, అధ్యాయం నంబరు చూడడా? ఆపాటి ఆలోచన రాలేదు నాకు. సిగ్గేస్తోంది.

పదో రోజున అత్త చెప్పింది.

"పదయ్యాక పన్నెండు సదివినాడు, అల్లుడికి లెక్క రాదేటి అన్నాడు బాబూ మీ మావయ్య. ఆడేటి దాటేసినాడో నాకు తెలుసు, సదివుంటే సెప్దును అన్నాడు."

"ఏం చెప్పేవాడత్తా?"

"పారిపోనేదని. ఆ పిల్లోడి తల ఒళ్లో ఎట్టుకుని కూకున్నాడంట, జనం వొచ్చినదాకా. ఊరు ఏటేటో అనుకున్నాది, ఈయన నోరిప్పనేదు. నువ్వు సదివితే నీకు సెబుదామని ఆదివారం ఆదివారం సూసినాడు."

పూరీ గేట్ రైలు క్రాసింగు దగ్గర గూడ్సు నెమ్మదిగా పోతుంటే నేనిప్పుడు అటు చూడలేను. పట్టాల పక్కన ఒక కుర్రాడు, ఒళ్లో స్నేహితుడి తల పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కనిపిస్తాడు. నా పుస్తకంలో మాత్రం వాడింకా పరిగెడుతూనే ఉన్నాడు.