పోకీతో అన్నందుకు పస్తు

మొన్న ఆదివారం విందుకెళ్లి పస్తుండి వచ్చా! నవ్వమాకండి, టీ తాగతా వినండి.

దాచేపల్లిలో మా సిమెంటు ఫ్యాక్టరీకి కొత్త మిషను బిగించటానికి స్పెయిన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు కదా. స్టోర్స్ గుమస్తాని నేనే. బోల్టులు, నట్లు అందిస్తా ఆయన భాష పట్టా. గ్రాందె అంటే పెద్దది. దీనికన్నా పెద్దది కావాలంటే మాస్ గ్రాందె. మాస్ అంటే ఇంకా అని. అది మొదటి రోజే వచ్చేసింది. ముచో అంటే బోలెడు, బోలెడంత అని సాగదీయాలంటే ముచీసిమో! పోకో అంటే కొంచెం. దానికి చిన్న తోక తగిలించి పోకీతో అంటే మరీ కాసింత. ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ఇక ఏ మాటకి ఏ తోక పెట్టాలని అడిగి అడిగి ఆయన ప్రాణం తీశా.

నా ఉత్సాహం చూసి భోజనానికి పిలిచాడు. గురజాలలో బస్సెక్కేముందు మా ఆవిడతో గొప్పగా చెప్పా, "ఇయ్యాల నాకు వండమాక, దొరగారింట్లో తింటా" అని. పొద్దున టిఫిను కూడా మానేశా.

దొరసాని బంగాళాదుంపలూ గుడ్లూ కలిపి దిబ్బరొట్టంత మందాన అట్టు కాల్చింది. చానా ఆకలి మీదున్నా! ఎంత పెట్టమంటావని సైగ చేసింది. అడగ్గానే పెట్టించుకుంటే మన పరువేం కాను? కంచానికి చెయ్యడ్డం పెట్టి "పోకీతో" అన్నా.

నా నోట ఆ మాట విని ఎంత మురిసిపోయిందో! కత్తి తీసుకుని సరిగ్గా పోకీతోనే కోసి పెట్టింది. రెండు ముద్దలకి చాలదు.

మనిళ్లల్లో అయితే చెయ్యడ్డం పెడితే వేళ్ల మీదే వడ్డిస్తారు. ఈమె "మాస్?" అని ఒక్కసారి అడిగింది. మొదటిసారికే సరేనంటారా ఎవరన్నా? తల అడ్డంగా ఊపా. మళ్లీ అడుగుద్ది, ఈసారి ఒట్టేసి మరీ పెడుద్ది అని కూచుంటే, అట్టు లోపలికెళ్లిపోయింది! పైగా ఇంజనీరు నా చెయ్యి పట్టుకుని, భాష బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు.

ఇల్లు చేరేసరికి కళ్లు తిరుగుతున్నయ్. సంగతంతా విని మా ఆవిడ కిరసనాయిలు స్టవ్ పంపు కొడతా అడిగింది, "ఏందయ్యా, ఆళ్ల భాషలో ఇంకొంచెం పెట్టమనటానికి మాటే లేదా?"

"ఎందుకు లేదే! నేను మొట్టమొదట నేర్చుకుంది అదే!"