చింతగింజల జిగురు కోసం ఏ. పళ్లిపట్టి దాకా

మూడు నెలలుగా నా సోలార్ సెల్స్ కారిపోతూనే ఉన్నాయి. బెంగళూరులో నేను పరిశోధన చేస్తున్నది రంగు సాయంతో కరెంటు పుట్టించే సెల్స్ మీద. అందులో రెండు గాజు పలకలుంటాయి. ఒకదానికి తెల్లటి టైటానియం డయాక్సైడ్ పూత, దాని మీద రంగు. రెండోదానికి కర్బనం పూత. మధ్యలో అయొడిన్ కలిపిన ద్రవం, దాన్నే ఎలక్ట్రోలైట్ అంటారు. అది అంచుల్లోంచి కారితే సెల్ పని అయిపోయినట్టే. చింతగింజల పిండితో దాన్ని చిక్కబరచాలని నా ప్రయత్నం. కొన్న పిండేమో ప్రతిసారీ ఉండలు కట్టేది. నెలాఖరులోగా కారని సెల్ ఒక్కటైనా చూపించకపోతే అంశం మార్చుకోమన్నారు మా గైడ్. సరే, చింతపండు కొట్టే ఊరైన ఏ. పళ్లిపట్టికే వెళ్లి మంచి గింజలు తెచ్చుకుందామని మార్చిలో ఒక శనివారం బయల్దేరాను.

ఉదయం ఆరింటికి సేలం బస్సెక్కి తొమ్మిదిన్నరకు తమిళనాడులోని ధర్మపురిలో దిగాను. టికెట్టు రెండు వందల లోపే. ఇడ్లీ తిని, ఏ. పళ్లిపట్టి మీదుగా పోయే బస్సు పట్టుకుంటే ఇంకో గంటపైన పట్టింది. నా తడబడే తమిళం విని కండక్టరు నవ్వి, వాటర్ ట్యాంకు వెనక వీధి చూపించాడు.

అక్కడొక వసారాలో ఒకావిడ చిన్న సుత్తితో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నేను ఫోనులో అమ్మతో మాట్లాడడం విని, తెలుగులోనే పలకరించింది.

"యా ఊరు పాపా నీది?"

"కడప, అక్కా."

"మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగు, బయట తమిళం. తెలుగు చదివేది మాత్రం రాదు."

పేరు మునియమ్మ. పక్కన కూర్చుని నేనూ గింజలు ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి, "ఈ పుళియంకొట్టై నీకెందుకు?" అంది. అక్కడ చింతగింజను అలాగే అంటారు.

"జిగురు కాచాలక్కా. ఎన్నిసార్లు కాచినా ఉండలే."

"ఎట్ల కాచినావు?"

"నీళ్లు మరిగించి పిండి పోసినా."

ఆమె సుత్తి ఆపింది. "మరిగే నీళ్లల్లో పోస్తే ఉండలు కట్టకుండా ఏం చేస్తాది? మా అమ్మ మగ్గం పడుగుకు ఈ పశే, ఈ జిగురే, పూస్తా ఉండె. పిండి చన్నీళ్లలో కలిపి నానబెట్టల్ల. ఆ మీదట సన్నసెగ. ముందుగా గింజను ఇసకలో వేంచి, ఎర్రపొట్టు తీసెయ్యల్ల."

నాకు సిగ్గేసింది. మూడు నెలల్లో ఎన్నో పేపర్లు చదివాను గానీ, కాచే పద్ధతిని ఒక్కసారీ అనుమానించలేదు. ఆమె గుప్పెడు గింజలు వేయించి చూపించింది. మూడింటి బస్సుకు నా సంచి నింపి పంపింది.

తిరిగొచ్చాక ఆమె చెప్పినట్టే చేశాను. జెల్ నున్నగా వచ్చింది. ద్రవంతో వచ్చినంత కరెంటు రాలేదు. అయినా రెండు వారాల తర్వాత కూడా అంచులు పొడిగానే ఉన్నాయి. గైడ్ సెల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "కొనసాగించు" అన్నారు.

గింజలు బెంగళూరులోనూ దొరికేవేమో. ఎలా కాస్తున్నావని అడిగే మనిషి మాత్రం నాకు అక్కడే దొరికింది. మీరూ వెళ్లదలిస్తే చింతపండు కాలంలో, ఫిబ్రవరి దాటాక, పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే ప్రశ్నలు మొదలుపెట్టకండి. కాసేపు కూర్చుని గింజలు ఏరండి.