అవి ఆయన మాటలా, జబ్బు మాటలా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అమలాపురంలో ఒక ఫిజీషియన్ గారి క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. అప్పటికే ఆ పనిలో చాలా ఏళ్ళు గడిచాయి. అయినా సత్తిబాబు కేసులో నాకు కలిగిన అయోమయం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

సత్తిబాబుది సఖినేటిపల్లి. గోదావరి మీద నరసాపురానికి జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు నడిపేవాడు. భార్య నాగమణి అతన్ని దాదాపు లాక్కొచ్చింది. కూర్చున్న దగ్గర్నుంచి ఒకటే మాటలు. నాకు పిల్లలెందరని అడిగాడు, పంటు ఇంజన్ గురించి చెప్పాడు, పోయిన అక్క గుర్తొచ్చి ఏడ్చాడు, కళ్ళు తుడుచుకుంటూనే ఫ్యాన్ వెయ్యలేదేమని విసుక్కున్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

నాగమణిని పక్కకు పిలిచి, "తాగేరా?" అని అడిగాను.

"అయ్యో, ఆ అలవాటే లేదండీ. పెళ్ళయినప్పట్నుంచీ ఈయన నోట్లోంచి మాటొస్తే గొప్పండీ. కూర కావాలన్నా కంచం ముందుకి జరిపేవోరు, అంతే. ఈమధ్యే ఇలాగైపోయేరు. ఎవరో ఏదో పెట్టేరంటున్నారండీ మావాళ్ళు."

అంతకు ముందు వారం పంటు మీద మోటార్‌సైకిల్ అడ్డంగా పెట్టాడని ఒకాయన్ని తోసేశాడట. రెయిలింగ్ ఆపబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన నీళ్ళలో పడేవాడే. డాక్టరు సరేననేదాకా పనిలోకి రావద్దన్నాడు పంటు యజమాని.

"మరి మీతో ఎలా ఉంటున్నారు?"

నాగమణి తల దించుకుంది. "నన్నూ కసురుతున్నారండీ. మళ్ళీ మొన్న రేవులో అందరి ముందూ చెయ్యి పట్టుకుని, నువ్వు లేపోతే నేను లేనే మణీ, అన్నారండీ. సిగ్గుతో చచ్చిపోయేననుకోండి." చెబుతూనే నవ్వు ఆపుకుంది.

పల్స్ చూస్తే పరుగెత్తి వచ్చినవాడిలా ఉంది. డాక్టరుగారు చేతులు చాపమన్నారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. రక్తపరీక్షలో సంగతి తేలింది, హైపర్‌థైరాయిడ్. అంటే మెడలోని థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను అవసరానికి మించి తయారుచేయడం. ఆ హార్మోన్ గుండెనే కాదు, మెదడులో కోపం, భయం, దిగులు పుట్టే చోట్లను కూడా రెచ్చగొడుతుందని డాక్టరుగారు ఇద్దరికీ వివరించారు. మందులు రాశారు.

నెలలు గడిచేసరికి సత్తిబాబు ఒళ్ళు చేశాడు, వణుకు పోయింది, తిరిగి పంటు ఎక్కాడు. క్లినిక్‌కి వస్తే బల్ల మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. నేను సంతోషించాను. ఒకరోజు నాగమణి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది:

"సిస్టరుగారూ, ఆ మాత్ర ఓ పిసరు తగ్గిస్తే ఏమవుద్దండీ?"

నేను కంగారుపడ్డాను. "గుండెకి ప్రమాదమమ్మా! మళ్ళీ ఎవరినైనా తోస్తేనో?"

"ఆయ్, తెలుసండీ. ఆయన ప్రాణంకంటే ఎక్కువేంటండీ. కానీ నాకోటి చెప్పండి. రేవులో నాతో అన్న మాటలు ఆయనవా, జబ్బువా?"

ఆయనవేనని అనేస్తే సరిపోయేది. కానీ అప్పుడు తోసిన చెయ్యి కూడా ఆయనదే కావాలి కదా? చెడంతా హార్మోన్‌కీ, మంచంతా మనిషికీ ఎలా పంచిపెట్టను? డాక్టరుగారిని అడిగితే, "అంత కచ్చితంగా విడదీసే పరీక్ష నా దగ్గర లేదమ్మా," అన్నారు.

తర్వాతిసారి బీపీ చూస్తూ సత్తిబాబునే అడిగాను. "ఆ రోజులు గుర్తున్నాయా?"

గోడకేసి చూస్తూనే అన్నాడు. "ఉన్నాయండీ. సిగ్గేస్తది. నేను తోసినాయన ఇంటికెళ్ళి చేతులు పట్టుకున్నానండీ."

"మరి మీ ఆవిడతో అన్నవి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అవి అబద్ధం కాదండీ."

"ఆ మాట ఇంట్లో చెప్పొచ్చుగా?"

"నోరు రాట్లేదండీ. అప్పుడెలాగొచ్చిందో నాకే తెల్దు. మీరు చెప్పరా కొంచెం?"

అది నేను చెప్పే మాట కాదు. తలుపు తీసి నాగమణిని లోపలికి పిలిచాను. సత్తిబాబు చొక్కా గుండీతో కుస్తీ పట్టాడు, గొంతు సవరించుకున్నాడు.

"మరే... రేవులో అన్నాను చూడు," అని ఆగాడు. "అదే."

"ఏదండీ?" అంది నాగమణి, తెలిసి కూడా.

"ఆయ్. అదే."

ఆమె అతని చొక్కా గుండీ తనే పెట్టింది. మందుల సంచి తీసుకుని, "పదండి, బస్సెళ్ళిపోద్ది," అంది. మాత్ర తగ్గించమని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు కూడా రోగుల ఇంటివాళ్ళు నన్నడుగుతుంటారు, ఈ కోపం మనిషిదా, జబ్బుదా అని. ఒకప్పుడైతే వెంటనే జబ్బుదేనమ్మా అని ఓదార్చి పంపేదాన్ని. ఇప్పుడు నాకు తెలియదనే చెబుతున్నాను. ముందు నయం కానివ్వండి, తర్వాత ఆ మనిషినే అడగండి, జవాబు మెల్లగా వచ్చినా కూర్చుని వినండి అంటున్నాను.